పిల్లల ఎక్కములు – తెరమీది సాధన

"ఏడెనిమిదు లెంత?" ఈ ప్రశ్న వినగానే పెద్దలలో చాలమందికి జవాబు నాలుకపైకి దానంతట నదే వచ్చును. "యాభై ఆరు." ఇది ఆలోచించి చెప్పినది కాదు, లెక్కించి చెప్పినదియు కాదు. ఎన్నడో బాల్యమున, సాయంకాలము బడి విడుచుటకు ముందు, వరుసగా నిలుచుండి పదిమందితో గొంతు కలిపి వల్లించిన ఎక్కము నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. ఆనాటి పద్యములు సగము మరచియుందుము; ఎక్కములు మాత్రము మరువలేదు. అదే ప్రశ్న నేడు మూడవ తరగతియో నాల్గవ తరగతియో చదువుచున్న మన బిడ్డ నడిగినచో, చేతులు వెనుకకు పెట్టుకొని వ్రేళ్ళు మడచుచు మన ముఖమువంక బెదరుచూపులు చూచుట చాల ఇండ్లలో కానవచ్చు దృశ్యము.

ఇప్పు డీ ఎక్కములను నేర్పుటకు క్రొత్త గురువు బయలుదేరినాడు. ఇంటర్నెట్టు గల ఫోను తెరమీదను, కంప్యూటరు తెరమీదను లెక్కల అభ్యాసము చేయించు సాధనములు నేడు పెక్కు గలవు. కొన్ని ఉచితముగా దొరకును. కొన్నింటికి రుసుము చెల్లింపవలెను. తెరమీద ప్రశ్న కనబడును, బిడ్డ జవాబు నొక్కును, తప్పొప్పులు తక్షణమే తెలియును. వీనివలన మేలు కలుగునా? కలిగినచో ఎట్లు కలుగును? కలుగనిచోట లోప మెక్కడ నున్నది? ఈ సంగతులను గూర్చి నేడు ముచ్చటింతము.

మాకు తెలిసిన యొక కుటుంబములో జరిగిన ముచ్చట మొదట చెప్పెదము. ఆ యింటి అమ్మాయి నాల్గవ తరగతి చదువుచుండెను. గుణకారములో వెనుకబడినదని బడినుండి కబురు రాగా, తండ్రి తన ఫోనులో ఎక్కముల ఆట యొకటి పెట్టి యిచ్చెను. అందులో కార్లు పరుగెత్తును. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు కనబడును. సరియైనదానిమీద వ్రేలు పెట్టినచో కారు ముందునకు దూకును. రెండు వారములలో ఆ పిల్ల వందలకొలది నాణెములను, మూడు బంగారు కప్పులను గెలుచుకొనెను. తండ్రి సంతోషించెను. ఒకనాటి రాత్రి చిక్కుడుకాయలు ఒలుచుచున్న నాయనమ్మ పిల్లను పిలిచి, "ఏమే తల్లీ, ఏడెనిమిదు లెంతే?" అని అడిగెను. పిల్ల కొంతసేపు ఊరకుండి, "నాయనమ్మా, నాలుగు జవాబులు చెప్పు, అందులోంచి చెప్తాను" అన్నది.

ఇంటిల్లిపాదియు నవ్విరి. పిల్ల మాత్రము నవ్వలేదు. ఫోను అక్కడనే పెట్టి లోనికి పోయి పడుకొనెను. "నాకు లెక్కలు రావు" అను మాట ఆమె నోట మొదటిసారి వినబడినది ఆ రాత్రియే. తొమ్మిదేండ్ల పిల్ల తనను గూర్చి తాను చేసికొనిన ఇట్టి తీర్మానము ఒకనాటితో పోవునది కాదు. పై తరగతులలో ఏ పాఠము తీసికొనవలెను, ఏది విడువవలెను అను నిర్ణయములవరకు అది వెంటాడవచ్చును. అందుచేత నిది చిన్న విషయము కాదని మా అభిప్రాయము.

లెక్కించు యంత్రము ప్రతివారి జేబులో నున్న ఈ కాలమున ఎక్కము లెందుకని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు మనస్సు పనిచేయు తీరులో నున్నది. ఏకకాలమున మనస్సునందు నిలుపుకొనగల విషయములు బహుకొద్ది. 348ని 6 చేత గుణింపవలెననుకొందము. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. 8 వ్రాసి 4ను మనస్సులో నుంచుకొనవలెను. ఆరు నాలుగులు ఇరవై నాలుగు, దానికి ఆ 4 చేర్చిన ఇరవై ఎనిమిది. 8 వ్రాసి 2 ఉంచుకొనవలెను. ఆరు మూళ్ళు పద్దెనిమిది, రెండు చేర్చిన ఇరవై. జవాబు 2088. ఎక్కము వచ్చిన బిడ్డకు ఇది అరనిమిషపు పని. రాని బిడ్డయో, ఎనిమిదిని ఆరుమార్లు వ్రేళ్ళమీద కూడుకొనుచు పోవును. నలభై ఎనిమిదికి చేరునప్పటికి మనస్సు అలసిపోవును, ఉంచుకొనవలసిన 4 జారిపోవును, జవాబు తప్పును. "గుణకారము రాదు" అని ఎఱ్ఱసిరాతో వ్రాయబడును. నిజమునకు ఆ బిడ్డకు గుణకార పద్ధతి తెలియును. తెలియనిది ఆరెనిమిదు లెంత యను ఒక్క సంగతియే. ఆ ఒక్క లోటు భాగహారములోను, భిన్నములలోను, తరువాత బీజగణితములోను అడుగడుగున అడ్డుతగులును.

ఇట్టి పిల్లలు కొందరే యని తలపరాదు. 2024లో మన దేశపు గ్రామములలో జరిగిన "అసర్" సర్వేలో, మూడవ తరగతి పిల్లలలో తీసివేత చేయగలిగినవారు నూటికి సుమారు 34 మంది. ఐదవ తరగతి పిల్లలలో భాగహారము చేయగలిగినవారు నూటికి సుమారు 31 మంది. 2022లో జరిగిన సర్వేతో పోల్చిన నిది మెరుగే. అయినను తృప్తిపడదగినది కాదు. 2024 సర్వేలోనే 14 మొదలు 16 ఏండ్లవరకు గల పిల్లల ఇండ్లలో నూటికి దాదాపు 90 ఇండ్ల స్మార్టుఫోను కలదని తేలినది. అనగా లెక్క రాని బిడ్డకును, లెక్క అభ్యసింపజేయగల తెరకును నడుమ దూరము మూరెడు మాత్రమే. ఆ మూరెడు దూరమును దాటించు విధము మనము తెలిసికొనవలసియున్నది.

ఎక్కము లనగానే కొండంత భారమని పిల్లలు బెదరుదురు. ఆ కొండను ఒకసారి కొలిచి చూతము. ఒకటవ ఎక్కము మొదలు పదవ ఎక్కమువరకు, ఒక్కొక్కదానిలో పది చొప్పున, మొత్తము 100 వాక్యములు. ఒకటిచేతను పదిచేతను గుణించుట ప్రత్యేకముగా నేర్వనక్కరలేదు. వానిని తీసివేసిన మిగులునవి 64. మూడేడులును, ఏడు మూళ్ళును ఒక్కటే యని గ్రహించినచో ఆ 64 కాస్త 36 అగును. రెండవ ఎక్కమనగా ఇబ్బడి చేయుటయే. దానిని విడిచిన 28. ఐదవ ఎక్కము గోడ గడియారము ముఖముమీదనే యున్నది. నిమిషముల ముల్లు చూడ నేర్చిన బిడ్డకు అది వచ్చినట్లే. అది పోగా 21. తొమ్మిదవ ఎక్కములో ఒక చమత్కారము కలదు. 18, 27, 36 – జవాబులోని రెండంకెలను కూడిన తొమ్మిదే వచ్చును. పదుల స్థానములోని అంకె మనము గుణించిన సంఖ్యకన్న ఒకటి తక్కువ. ఈ కిటుకు పట్టుబడిన తరువాత మిగిలినవి 15 మాత్రమే. మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది – ఈ యైదు సంఖ్యలు తమతో తామును, ఒకదానితో నొకటియు గుణించుకొనగా వచ్చునవే ఆ 15. అందులోను ఎక్కువగా ఏడిపించునవి ఆరేడులు, ఆరెనిమిదులు, ఏడేడులు, ఏడెనిమిదులు, ఎనిమిదెనిమిదులు వంటి కొన్నియే. నూరనిన బెదరు బిడ్డకు పదునైదనిన ధైర్యము కలుగును. సాధన యంత యీ పదునైదింటిమీదనే కేంద్రీకరింపబడవలెను. సమర్థమైన తెరసాధనము చేయు పని యిదియే. వచ్చినవానిని పదేపదే అడిగి కాలము వృథా చేయదు, రానివానిని విడిచిపెట్టదు.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1953 నవంబరులో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు మనశ్శాస్త్రాచార్యుడు బి. ఎఫ్. స్కిన్నర్ తన కుమార్తె చదువుచున్న నాల్గవ తరగతిని చూడబోయెను. అది లెక్కల గంట. కొందరు పిల్లలు ముందుగానే ముగించి ఊరక కూర్చుండిరి. కొందరు రాని లెక్కతో కుస్తీపట్టుచుండిరి. తాను చేసినది ఒప్పో తప్పో ఏ బిడ్డకును అప్పటికప్పుడు తెలియు మార్గము లేదు. ఇది చూచి ఆయన మనస్సు కలవరపడెను. కొలది కాలములోనే ఆయన యొక బోధనయంత్రమును నిర్మించి 1954లో ప్రదర్శించెను. బిడ్డ జవాబు నమర్చినంతనే అది సరియైనదో కాదో ఆ యంత్రము తెలుపును. తరువాత 1965లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన పాట్రిక్ సప్పెస్ బృందము ఒక నాల్గవ తరగతి గదిలో టెలిటైపు యంత్రము నుంచి, దానిని టెలిఫోను తీగద్వారా విశ్వవిద్యాలయములోని కంప్యూటరునకు కలిపి, పిల్లలచేత దినదినము లెక్కల అభ్యాసము చేయించెను. నేడు మనము ఆన్‌లైను సాధన మని పిలుచుచున్నది ఆ తీగకు మనుమడే.

ఇక ఈ సాధనములు ఆధారపడిన సూత్రము లెట్టివి? మూడు సంగతులు తెలిసికొనిన చాలును.

మొదటిది వ్యవధి. జర్మనీ దేశీయుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన్ను తానే పరీక్షించుకొనుచు, అర్థములేని అక్షరముల కూటములను కంఠస్థము చేసి, ఎన్నాళ్ళకు ఎంత మరచునో కొలిచి 1885లో ప్రకటించెను. మరపు మొదటి గంటలలో వేగముగను, పిమ్మట మెల్లగను సాగునని ఆయన కనుగొనెను. ఒక్కనాడే గంటసేపు వల్లించుటకన్న, అదే గంటను ఆరు దినములకు పదేసి నిమిషములుగా పంచుకొనుట మేలు.

రెండవది జ్ఞప్తికి తెచ్చుకొనుట. అమెరికాలో రోడిగర్, కార్పికె అను ఇరువురు పరిశోధకులు 2006లో ఒక సంగతి నిరూపించిరి. పాఠమును మరల మరల చదివిన విద్యార్థులకన్న, పుస్తకము మూసి జ్ఞాపకము చేసికొన యత్నించినవారికే వారము దినముల తరువాత పాఠము ఎక్కువగా నిలిచినది. ఎక్కముల పట్టికను చూచుచు చదువుటకును, పట్టిక మూసి జవాబు చెప్పుటకును గల భేద మిదియే. నాయనమ్మ చూపించిన భేదమును ఇదియే. నాలుగు జవాబులలో ఒకదానిని ఏరుకొనుట గుర్తుపట్టుట. ఏమియు చూపనిచోట జవాబు చెప్పుట గుర్తు తెచ్చుకొనుట. సంతలో ఎదురైన మనిషి ముఖము గుర్తుపట్టియు పేరు జ్ఞప్తికి రాక తడబడిన అనుభవము మనకందరకు కలదు. ఆ పిల్ల స్థితియు నట్టిదే. రెండు వారములు ఆమె చేసిన సాధన గుర్తుపట్టుటలోనే గడచినది. బడిలో కావలసినది రెండవది. లోపము పిల్లలో లేదు, ఆటలో నున్నది.

మూడవది తప్పిన దానిని త్వరగా మరల అడుగుట. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అను రచయిత దీనికొక సులభోపాయము చెప్పెను. ప్రశ్నలను చీటీలమీద వ్రాసి, పెట్టెను గదులుగా విభజింపవలెను. జవాబు వచ్చిన చీటీ వెనుక గదికి జరుగును. తప్పిన చీటీ మొదటి గదికి తిరిగి వచ్చును. మొదటి గదిలోనివానిని దినదినము, వెనుక గదులలోనివానిని అరుదుగ అడుగవలెను. నేటి తెరసాధనములలో మంచివి లోలోపల చేయుచున్నది ఇటువంటి పనియే. నలుబదిమంది పిల్లలున్న తరగతిలో ఎవరికి ఏడెనిమిదులు రావు, ఎవరికి ఆరేడులు రావు అని ఒక్క ఉపాధ్యాయుడు దినదినము లెక్క పెట్టుకొనజాలడు. యంత్రమునకు విసుగు లేదు, మరపు లేదు. పదిమంది యెదుట తప్పు చెప్పితినను సిగ్గు బిడ్డకు కలుగదు. ఈ సాధనముల అసలైన బలము ఇచ్చటనే యున్నది.

మన దేశములోనే దీనికొక నిదర్శనము కలదు. గుజరాత్ రాష్ట్రములోని వడోదర నగరపాలక పాఠశాలలలో 2002 మొదలు 2004 వరకు "ప్రథమ్" సంస్థ ఒక ప్రయత్నము చేసెను. నాల్గవ తరగతి పిల్లలు ఇద్దరిద్దరుగా ఒక్కొక్క కంప్యూటరు ముందు కూర్చుండి, వారమునకు రెండు గంటలు లెక్కల ఆటలు ఆడిరి. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. రెండేండ్లును ఆ పిల్లల గణితము స్పష్టముగా మెరుగుపడినది. భాషలో మాత్రము మార్పు లేదు, అభ్యసించినదే వచ్చినది. ఇంకొక సంగతియు వారు మరుగుపరుపక చెప్పిరి. కార్యక్రమము ముగిసిన యేడాదికి ఆ లాభములో అధికభాగము కరిగిపోయి, కొంత మాత్రమే మిగిలినది. దీనివలన మనము నేర్వవలసినది స్పష్టము. సాధనము పనిచేయును, కాని సాధన ఆగినచో లాభమును తరిగిపోవును. సెలవులలో సైతము వారమునకు రెండుమూడు మారులైనను పాతవానిని తడవుచుండవలెను.

ఇక గడియారమును గూర్చి ఒక మాట. ఎక్కము తడుముకొనకుండ రావలెనను కోరిక తప్పుకాదు. ఇంగ్లండులో 2022 నుండి ప్రభుత్వ పాఠశాలలలోని నాల్గవ సంవత్సరపు పిల్లలకు, అనగా ఎనిమిది తొమ్మిదేండ్లవారికి, కంప్యూటరు తెరమీదనే ఎక్కముల పరీక్ష పెట్టుచున్నారు. ప్రశ్నలు 25, పన్నెండవ ఎక్కమువరకు, ప్రశ్నకు 6 సెకండ్లు, నడుమ 3 సెకండ్ల విరామము. ఉత్తీర్ణతకు ఇన్ని మార్కులని నియమము లేదు. ఆ పిల్లలు కొన్ని యేండ్లు నేర్చిన పిమ్మట ఎదుర్కొను గడియార మది. నేర్చుకొనుచున్న మొదటి దినములలోనే గడియారము పెట్టినచో నేమగును? బిడ్డ ఆలోచన మాని ఊహించుట నేర్చును. భయమునకే మనస్సులో చోటంతయు చెల్లిపోవును, జవాబునకు చోటుండదు. కావున మొదట తప్పు లేకుండుట, పిదప వేగము. జవాబులు తడబాటు లేక సరిగా వచ్చుచున్నప్పుడే గడియారము పెట్టవలెను. అప్పుడును పక్కింటి పిల్లవానితో పోటీ కాదు. నిన్నటి తనతో తనకే పోటీ.

వల్లించుటయే చాలునా, అర్థము అక్కరలేదా యని మరికొందరు అడుగుదురు. 1935లో అమెరికా విద్యావేత్త విలియం బ్రౌనెల్, అర్థము తెలియని అభ్యాసము నిలువదని వాదించెను. మన నాయనమ్మల వంటిండ్లలో ఈ సత్యము ఏనాటినుండియో ఉన్నది. ఇడ్లీపాత్రలోని ఒక్కొక్క పళ్ళెములో నాలుగు గుంటలు. మూడు పళ్ళెములు పెట్టినచో పన్నెండు ఇడ్లీలు. మూడు నాలుగులు పన్నెండని బిడ్డ కంటితో చూచినది. చింతగింజలను ఏడేసి చొప్పున ఎనిమిది వరుసలు పేర్పించుడు. తరువాత ఆ వరుసలను ప్రక్కనుండి చూపుడు. ఎనిమిదేసి చొప్పున ఏడు వరుసలు కనబడును. ఏడెనిమిదులును, ఎనిమిది యేళ్ళును ఒక్కటే యని వేరుగ చెప్పనక్కరలేదు. గింజలతో అర్థము, తెరతో అభ్యాసము – ఈ క్రమము తప్పరాదు. అర్థము తెలిసిన బిడ్డ జవాబు మరచినను దారి మరువదు. దగ్గరి ఎక్కమునుండి నడచి రాగలదు.

సాధనమును ఎన్నుకొనునపుడు తల్లిదండ్రులు చూడవలసిన లక్షణములు కొన్ని చెప్పెదము. మొదట తామే పది నిమిషములు ఆడి చూడవలెను. బిడ్డ తానుగా జవాబు అంకెలు నొక్కవలసినదై యుండవలెను. నాలుగింటిలో ఏరుకొనునది కారాదు. తప్పు చెప్పినచో గంట మ్రోగించి ఊరుకొనక, సరియైన జవాబు అప్పుడే చూపవలెను. ఆ ప్రశ్నను కొంతసేపటికి మరల అడుగవలెను. గడియారమును ఆపివేయు వీలుండవలెను. ఏయే ఎక్కములు వచ్చినవి, ఏవి రాలేదు అను పట్టికను పెద్దలకు చూపవలెను. ప్రశ్నకు ప్రశ్నకు నడుమ బొమ్మల ఆర్భాట మెక్కువైనచో సాధన తక్కువని గ్రహింపవలెను. ప్రకటనలు వచ్చునట్టివి, లోలోపల డబ్బు పెట్టి బహుమతులు కొనుమని పిల్లలను ప్రేరేపించునట్టివి వలదు. పేరు, ఊరు, బడి, ఫోటో మొదలైన వివరములు అడిగినచో ఇచ్చుటకు తొందరపడరాదు. 2023లో చేయబడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో, పదునెనిమిదేండ్లలోపు పిల్లల వివరములు వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి పొందవలెననియు, పిల్లలపై గురిపెట్టిన ప్రకటనలు కూడదనియు వ్రాయబడియున్నది. లెక్క నేర్చుటకు మారుపేరు చాలును.

ఇంటిలో అమలుపరచు విధమును చెప్పెదము. దినమునకు పది నిమిషములు, వేళ నిర్ణయించుకొని చేయవలెను. సాయంకాలము ఆడుకొని వచ్చి, కాళ్ళు కడుగుకొనిన తరువాత అయిన మంచిది. నిద్రకు ముందు తెర వలదు. ఒక్క దినమున రెండు మూడు క్రొత్త వాక్యములకు మించరాదు; తక్కినవన్నియు పాతవే కావలెను. పెద్దవా రొకరు చెంత కూర్చుండవలెను. వారికి చదువు రాకపోయినను బాధలేదు. బిడ్డచే జవాబులను బిగ్గరగా చెప్పించుట చాలును. పది నిమిషములు కాగానే, బిడ్డ యింకను కావలెనన్నను, ఫోను తీసికొనవలెను. ఫోను తండ్రిగారి జేబులోనే తిరుగుచున్న ఇండ్లలో ఈ పది నిమిషములు బిడ్డకు చెందినవని ముందుగా ఒప్పుకొనవలెను. తమ్మునికి ఇచ్చిన పది నిమిషములు అక్కకును ఈయవలెనని వేరుగ చెప్పవలసివచ్చుచున్నది. స్వంత ఫోను గల మగపిల్లలకన్న ఆడపిల్లలు తక్కువని ఆ 2024 సర్వేయే తెలిపినది.

పది నిమిషముల తరువాత తెర మూయుటతో పని ముగియలేదు. ఎక్కమును ఇంటిలోనికి, అంగడిలోనికి తీసికొనిపోవలెను. కలకత్తా, ఢిల్లీ నగరముల సంతలలో పనిచేయు పిల్లలను గూర్చి బెనర్జీ, డఫ్లో మొదలగువారు 2025లో ఒక పరిశోధన ప్రకటించిరి. కూరగాయల ధర నోటిలెక్కతో క్షణములో చెప్పగల ఆ పిల్లలు, అటువంటి లెక్కనే బడి పద్ధతిలో వ్రాసి యిచ్చినచో తడబడిరి. బడిలో వ్రాతలెక్కలు చేయు పిల్లలు సంతలెక్కకు తెల్లబోయిరి. ఒకచోట నేర్చినది మరియొకచోటికి తానుగా నడచిపోదని దీని సారాంశము. తెరమీద ఆరెనిమిదులు వచ్చిన బిడ్డను మరునాడు అంగడికి తీసికొనిపోయి, "ఎనిమిది రూపాయల పెన్సిళ్ళు ఆరు కొంటే ఎంతివ్వాలి?" అని అడుగవలెను. ఆ డబ్బు బిడ్డచేతనే ఇప్పింపవలెను.

ఫోను లేని ఇంటివారు నిరుత్సాహపడ నక్కరలేదు. పాత శుభలేఖల అట్టలను కత్తిరించి, మనము పైన లెక్కించిన 15 వాక్యములను ఒకవైపు ప్రశ్నగను, రెండవవైపు జవాబుగను వ్రాయుడు. చెప్పులపెట్టెను మూడు గదులుగా చేయుడు. మొదటి గది దినదినము, రెండవది రెండు దినముల కొకమారు, మూడవది వారమున కొకమారు. ఖర్చు లేదు, కరెంటు అక్కరలేదు. తెరసాధనముల వెనుక నున్న సూత్రమే యిందును కలదు.

చివరకు ఆ అమ్మాయి సంగతి. కార్ల ఆట తీసివేసి, జవాబు తానే నొక్కవలసిన సాధనమును తండ్రి వెదకి పెట్టెను. అందులో నాణెములు లేవు, కప్పులు లేవు. మొదట పిల్లకు అంతగా నచ్చలేదు. పది నిమిషములును నాయనమ్మ ప్రక్కన కూర్చుండి, పిల్ల జవాబు చెప్పినప్పుడెల్ల తానును మెల్లగా అనుచుండెను. ఐదవ తరగతితోనే చదువు ఆగిపోయిన ఆమెకు ఎక్కములు మాత్రము ఇరవైవరకు వచ్చును. ఆ సంగతి ఇంటిలో ఎవ్వరికిని అంతవరకు తెలియదు. నెల దాటిన తరువాత ఒక రాత్రి, మునుపటివలెనే కాయలు ఒలుచుచు, ఆమె మరల అడిగెను. "ఏడెనిమిదు లెంతే తల్లీ?" పిల్ల ఒక్క క్షణ మాగి, "ఏడేడులు నలభై తొమ్మిది... ఇంకో ఏడు... యాభై ఆరు!" అన్నది. ఈసారి పిల్లయే నవ్వినది. ఆ క్షణపు ఆగుటయు కొన్నాళ్ళలో పోవును. పోకపోయినను బాధలేదు, దారి తెలిసినది.

తెర మన బిడ్డను అలయక అడుగగలదు, తప్పు దిద్దగలదు, లెక్క పెట్టగలదు. ప్రక్కన కూర్చుండుట మాత్రము దానికి చేతకాదు. ఆ పని మనది. ఈ సాయంకాలము రేడియోలో వార్తలు ముగిసిన వెనుక పది నిమిషములు మిగుల్చుకొని, పిల్లలను పిలిచి మొదలు పెట్టుడు. పదునైదింటిలో రెండు చాలును; తక్కినవి రేపటికి.